మొగ్గతో కలిపి కొలిచాను

ఒక చిన్న అబద్ధం ఇన్నేళ్లుగా నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

చింతాద్రిపేటలో పుట్టాను. ఎనిమిదో క్లాసుతో బడి మానేసి, పాత పుస్తకాలు కొనుక్కుని నాకు నేనే చదువుకున్నాను. ఒక కాలేజీ ల్యాబులో అటెండరుగా చేరాను. అక్కడ వసంత అనే పరిశోధక విద్యార్థిని, మొక్కల్ని పెంచే హార్మోను ఈస్టు కణాల్ని కూడా పెద్దవి చేస్తుందా అని పరీక్షిస్తుండేది. చేస్తుందని నేనన్నాను. ఆమె ప్రొఫెసరు అందరి ముందూ నవ్వాడు. ఎనిమిదో క్లాసు సైంటిస్టుగారు తేల్చేశాక ఇంక ప్రయోగం దేనికన్నాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మైక్రోస్కోపులో కణాల్ని కొలవడం నా పని. ఈస్టు కణం పక్కన మొగ్గలా పిల్లకణం పుడుతుంది. తల్లికణాన్ని మాత్రమే కొలవాలి. హార్మోను కలపని సీసాలో అలాగే కొలిచాను. కలిపిన సీసాలో మొగ్గను కూడా చేర్చి కొలిచాను. కన్ను పొరబడిందా? అలా అనుకోవడానికి ఎన్నిసార్లు ప్రయత్నించానో. లేదు. తెలిసే చేశాను. నా మాట నెగ్గాలి, అంతే.

వసంత మురిసిపోయింది. ప్రొఫెసరు తనే కూర్చుని కొలిస్తే రెండు సీసాలకూ తేడా రాలేదు. అంకెలు ఆమె అల్లిందన్నాడు.

ఆ సాయంత్రం నేను గాజు పలకలు కడుగుతుంటే వచ్చి పక్కన నిలబడింది.

"అన్నా, మొగ్గను కూడా చేర్చి కొలిచేసినారా? అట్లయితే చెప్పేయండి, పరవాలేదు. మళ్లీ చేసుకుందాం."

"ఏందమ్మా, నాకు ఆ మాత్రం తెలీదా? సరిగానే కొలిచినా."

నమ్మింది. తన చేతిలోనే ఎక్కడో తప్పు జరిగిందనుకుని పరిశోధన వదిలేసింది.

ఆయన నవ్వకపోతే నేనీ పని చేసేవాణ్ణా అని ఏళ్ల తరబడి ఆ ప్రొఫెసర్నే తిట్టుకుంటూ తిరిగాను. కానీ ఆ సాయంత్రం ఆయన అక్కడ లేడు కదా? నేనున్నాను, ఆమె ఉంది, నోరు నాది.

మొన్న కోడంబాక్కం స్టేషను మెట్ల మీద వసంత కనిపించింది. జుట్టు నెరిసింది. అన్నా అంటూ చెయ్యి పట్టుకుని జాగ్రత్తగా దింపింది. పిల్లలకు ట్యూషన్లు చెబుతోందట. లెక్కలు, ఇంగ్లీషు. సైన్సు మాత్రం చెప్పదట. ఎందుకని నేను అడగలేదు. రైలొచ్చింది, ఎక్కేసింది.

ఇది చదివి నన్ను క్షమించే పని మీరు పెట్టుకోకండి. ఆమె ఆ రోజు అడిగినదానికి జవాబు ఒకసారైనా నా నోట రావాలి.

అవునమ్మా. మొగ్గతో కలిపే కొలిచినా.