రెండు పొలాల కింద ఒకే నీరు

చంద్రబండ ఊరి దగ్గర రెండెకరాల చెలకలో వంగ, మిరప పండించే రంగనాయకమ్మ బావి, ఆమె పెళ్లయిన కొత్తలో తవ్వుకున్నది. భర్త అంకయ్య బండకు మందు పెట్టి పేలిస్తే, రాళ్లను తట్టలకెత్తి పైకి చేర్చింది ఆమే. అడుగున పడమటి గోడలో సన్నని నెర్రె బయటపడి నీళ్లు కారినప్పుడు ఇద్దరూ దోసిళ్లతో తాగారు. అంకయ్య పోయాక కూడా ఆ నీళ్లే ఆమెను పోషించాయి.

ఈ ఎండాకాలం పడమటి పక్క పొలంలో అమరేశప్ప బోరు వేయించాడు. నెల తిరక్కముందే ఆమె బావిలో బురద మిగిలింది. ఆ బోరు మీదే ఆమెకు అనుమానం కలిగింది. అయినా అడగలేకపోయింది. అంకయ్య ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఆమె పంటకు నీళ్లు కట్టింది అమరేశప్పే. ఆమె ఊళ్లోంచి బిందెలతో నీళ్లు మోసుకొచ్చి పోసినా వంగ మొక్కలు వాడిపోతూనే ఉన్నాయి.

అంతలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి చుట్టుపక్కల మోటార్లన్నీ ఆగిపోయాయి. రెండు మూడు రోజులకు ఆమె బావిలోకి తొంగి చూస్తే, బురద మీద నీళ్లు నిలిచి ఉన్నాయి. సంతోషం కంటే ముందు దిగులు పుట్టింది. ఇక చెప్పక తప్పదు.

"అన్నా, నీ బోరు ఆగినంక నా బాయిల నీళ్లు ఊరినయి," అంది అమరేశప్ప వాకిట్లో నిలబడి. "కొట్లాటకు రాలే. నువ్వే వచ్చి చూడు."

అతను ముఖం గంటుపెట్టుకున్నాడు. "నా బోరు నా పొలంలనే ఉన్నది గద!"

ఆమె కదల్లేదు. కాసేపటికి అతనే తువ్వాలు భుజాన వేసుకుని ఆమె వెంట నడిచాడు. బావి మెట్లు దిగి నెర్రె మీద అరచెయ్యి ఆనించాడు. వేళ్ల సందుల్లోంచి నీళ్లు జారాయి. ఆ నెర్రె అతని పొలం దిక్కుకే సాగింది.

"బండ లోపల గట్లు ఏడుంటయక్కా!" అన్నాడు. "నీ దిక్కు వచ్చే నీళ్లను నడుమనే గుంజుకుంటున్న. ఖరే చెప్తున్న, నాకు తెల్వలే."

"తెలిసి చేసినవని నేనన్ననా?" ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది.

కరెంటు వచ్చాక ఒకనాడు అతని బోరు, మరునాడు ఆమె మోటారు నడపాలనుకున్నారు. అమరేశప్ప తన ఉల్లి పంటకు నీళ్లు ఆదా అయ్యేలా డ్రిప్పు పైపులు పరిచాడు. గుట్ట మీది వాననీరు వాగు పాలు కాకుండా ఇద్దరి పొలాల నడుమ పెద్ద గుంత తవ్వి రాళ్లు నింపారు. అక్కడ నిలిచిన నీరు మెల్లగా ఇంకి, బండ నెర్రెల వెంట బోరుకూ బావికీ చేరుతుంది.

బావి నిండలేదు, నడుము లోతు నీళ్లే. వంగతోట మాత్రం తేరుకుంది. అవతల పొలంలో మోటారు మోగితే రంగనాయకమ్మ ఇప్పుడు ఉలిక్కిపడదు. కలుపు తీస్తూనే ఉంటుంది.