హెల్వి పంపిన ఎలుగుబంటి

కొత్త టీచర్లకు పాఠం చెప్పడం నేర్పడం మా బడిలో హెల్వి పని. ముప్పై ఏళ్లుగా అదే చేస్తోంది, వచ్చే వేసవికి రిటైర్ అవుతుంది. నా పేరు ఆర్వో, వడ్రంగం చెప్పేవాడిని. ఆమె దగ్గర శిక్షణ పొందేవాళ్లు పాఠం చెబుతుంటే వెనక కూర్చుని చూడడం నాకు అంటగట్టిన అదనపు పని.

హెల్వికి బాగా ఇష్టమైన పాఠం ఒకటుంది. చేతికొచ్చిన వార్తనీ ఫొటోనీ పిల్లలు గుడ్డిగా నమ్మకుండా ఎలా చూడాలో నేర్పే పాఠం. "దీన్ని ఎవరు పంపారు? నమ్మితే ఎవరికి లాభం?" అని అడిగించకుండా ఏ కొత్త టీచర్నీ వదలదు. మమ్మల్నీ వదలదు. కాఫీ గదిలో ఎవరైనా రేపు వానట అంటే చాలు, "ఎవరన్నారు?" అంటుంది. నాకు ఒళ్లు మండేది.

అలాంటి మనిషి ఈ సెప్టెంబరులో మా టీచర్ల ఫోన్ గ్రూపులో తనకెవరో పంపిన ఒక ఫొటో పెట్టింది. ఉత్తరపు అడవి దారిలో ఓ తల్లి ఎలుగుబంటి, రెండు పిల్లలు. కింద "జాగ్రత్త" అని రాసింది. పంపింది హెల్వి కదా, ఇక చూసేదేముందని ఎవరూ చూడలేదు. హెడ్మాస్టర్ నాలుగో తరగతి అడవి ప్రయాణం ఆపేశాడు. పుట్టగొడుగులు ఏరడానికి బుట్టలు సర్దుకున్న పిల్లలు మొహాలు వేలాడేశారు.

మూడు రోజులకు అటవీ శాఖ మనిషి వచ్చి ఆ ఫొటో ఎక్కడో దేశపు తూర్పు సరిహద్దులో ఎప్పుడో తీసినదని చెప్పాడు. ఎవరో తన పుట్టగొడుగుల చోటుకి జనం రాకుండా ఈ పని చేసుంటారని ఊరంతా నవ్వుకుంది. మా ఊరివాళ్లు ఇంటి తాళంచెవి పొరుగింట్లో ఇచ్చి వెళతారు గానీ, పుట్టగొడుగులు ఎక్కడ కోస్తారో కన్నబిడ్డలకు కూడా చెప్పరు.

అప్పుడు హెల్వి దగ్గర శిక్షణలో ఉన్న అమ్మాయి సైమి. నిరుడు ఒకసారి ఫెయిలయింది. ఈసారీ పోతే టీచర్ కావడం ఇక కలే. ఆ ఎలుగుబంటి మీదే పాఠం చెప్పనా అని భయపడుతూ అడిగింది.

"చెప్పు. మంచి పాఠమే" అంది హెల్వి.

సోమవారం నాలుగో తరగతిలో పాఠం నిజంగా బాగా సాగింది. ఫొటోలో బిర్చి చెట్ల ఆకులు పచ్చగా ఉన్నాయనీ, మన కిటికీ బయట అవి పసుపెక్కాయనీ పిహ్లా అనే పిల్ల పట్టేసింది. అంతటితో ఆగితే బాగుండేది.

"సైమీ, దీన్ని మన బడికి ముందు పంపిందెవరు?" అంది పిహ్లా. మా దగ్గర చిన్నాపెద్దా తేడా లేదు, అందరూ అందర్నీ పేరుపెట్టి నువ్వనే అంటారు.

సైమి మొహం ఎర్రబడింది. "అది... తెలీదు."

"కనుక్కోలేదా? అడవికి పోకుండా ఆగిపోయింది మేమే కదా!"

నా పక్కన కుర్చీ కిర్రుమంది. హెల్వి లేచి నిలబడింది. "నేనే పంపాను."

"చూసుకోకుండానా? నువ్వా?"

"నేనే. ఆ దారిలోనే నా పుట్టగొడుగుల చోటుంది. జనం భయపడి రాకపోతే బాగుండుననిపించింది. అందుకే నమ్మేశాను."

"ఎక్కడ? ఎక్కడ?" అని క్లాసంతా అరిచింది.

"అది మాత్రం చెప్పను" అంది హెల్వి. నాకు నవ్వొచ్చింది, జాలీ వేసింది.

తర్వాత కాఫీ గదిలో యాలకుల బన్ను తుంచుతూ హెల్వి సైమి మార్కుల కాగితం ముందుకు జరిపింది. సంతకం చోటు ఖాళీగా ఉంది.

"పాఠం బాగుంది సైమీ. కానీ పంపిందెవరో తెలిసీ తెలీదన్నావు."

"నీ పరువు పోతుందని..."

"నా పరువా, నీ పాసా?"

సైమి కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను ఊరుకోలేకపోయాను. "తప్పు చేసింది నువ్వు, శిక్ష ఈ పిల్లకా?"

"శుక్రవారం మళ్లీ చెప్పనీ ఆర్వో. ఈసారి సంతకం నువ్వు పెట్టు. ఈ పాఠానికి మార్కు వేసే అర్హత నాకు లేదు" అంది హెల్వి. ముప్పై ఏళ్లలో ఆమె నోట ఆ మాట వినడం నాకదే మొదలు. నా కోపం ఎటు పోయిందో తెలియదు.

శుక్రవారం వెనక నేనొక్కణ్ణే కూర్చున్నాను. హెల్వి ఆ సమయానికి హెడ్మాస్టర్ గదిలో అడవి ప్రయాణానికి కొత్త తేదీ పెట్టిస్తోంది. పిల్లల్ని తన చోటుకే తీసుకెళతానందట.

సైమి బోర్డు మీద ఏ ఫొటో పెట్టలేదు. వట్టి చేతులతో నిలబడింది. "సోమవారం మీకు అబద్ధం చెప్పాను. పంపిందెవరో నాకు ముందే తెలుసు."

పిహ్లా చెయ్యెత్తింది. "మరెందుకు చెప్పలేదు?"

"పాసవ్వాలని."

"ఇప్పుడు పాసవుతావా?"

సైమి ఒక్కసారి నా వైపు చూసింది. "తెలీదు" అంది.

ఈసారి అది నిజం. నేను పెన్ను తీసి సంతకం పెట్టాను.