గవ్వంటే పది

ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే ఒక గదంత ఉండేది, దాన్ని నమ్ముకుని బతికేవాళ్లకి కూడా దాన్ని ముట్టుకోవడమే అపురూపం. పని చాలావరకు కాగితం మీదే జరిగేది. ప్రోగ్రాంలో తప్పు దొర్లితే అచ్చుకాగితాల బొత్తి ముందేసుకుని, మనమే యంత్రమైపోయి, ఒక్కో వరుసా చదువుతూ ఒక్కో అంకెనీ చేత్తో కదుపుకుంటూ పోవాలి. ఇప్పటి పిల్లలకి ఈ మాట చెబితే నావైపు జాలిగా చూస్తారు. దివిసీమ ఉప్పెన వచ్చిన మరుసటి ఏడాది, మద్రాసులో చేరి ఉద్యోగం ఇంకా ఖాయం కాని నేను, అలా యంత్రమైపోయి సెలవు మీద బందరు వచ్చి మా పిన్నిగారింట్లో కూర్చున్నాను. (గుడివాడలో మా ఇంట్లో అక్క పురుడు పోసుకుని ఉంది. పసిపిల్ల ఏడుపుకీ కంప్యూటర్ లెక్కలకీ పడదు.)

మేము తయారుచేస్తున్నది కంపైలర్. మనం రాసిన ప్రోగ్రాంని యంత్రానికి అర్థమయ్యేలా మార్చిపెట్టేదన్నమాట. అందులో నేను రాసిన భాగం, ప్రతి సంఖ్యా ఎంతకు తగ్గదో, ఎంతకు మించదో ముందుగానే అంచనా కడుతుంది. ఆ హద్దుల్ని బట్టి 'ఇది ఎన్నటికీ జరగదు' అని తేలిన ముక్కని కోసి అవతల పారేస్తుంది. ప్రోగ్రాం తేలికవుతుంది, నాకు పేరొస్తుంది, అదీ నా ఆశ. తీరా పరీక్షకని ఇచ్చిన మొదటి ప్రోగ్రామే కాలవల్లో నీటిమట్టం చూసేది. నీళ్లు గట్టు దాటితే అది హెచ్చరిక అచ్చువేయాలి. నా ఘనకార్యం సరిగ్గా ఆ హెచ్చరికనే కోసి పారేసింది. ఇక నీళ్లు గట్టెక్కి ఊరి మీదికొచ్చినా ఆ ప్రోగ్రాం నోరు విప్పదు. మా ఆఫీసు పెద్దాయన (నున్నటి తల మూలాన చాటుగా గుండుసున్నాగారు అనేవాళ్లం) కళ్లజోడు తుడుచుకుంటూ, "సెలవయ్యేలోపు ఎందుకిలా అయిందో తేల్చుకుని రా అమ్మాయ్. లేదా నీ భాగం పీకేస్తాను, నిన్ను కార్డులు పంచ్ చేసే గదిలో కూర్చోబెడతాను" అన్నారు. ఆయన కోప్పడకుండా చెప్పడంతో నాకు మరీ భయమేసింది.

పిన్నివాళ్లది బందరులోనే చిలకలపూడి. బాబాయి గిల్టు నగల పని చేసేవాడు, కింద వసారా అంతా ఆ మందునీళ్ల వాసన. మేడ మీద ఖాళీ గది నాకిచ్చారు. అంకెలు కాగితం మీద కొట్టేసి మళ్లీ రాసి విసుగెత్తి, అటక మీదున్న వామనగుంటల పీట దింపించుకున్నాను. ఒక్కో గుంట ఒక్కో హద్దు. చిన్నరకం అంకెలకి చింతగింజ, విలువ ఒకటి. పెద్దరకం అంకెలకి గవ్వ, విలువ పది. నీటిమట్టం ఎక్కువలో ఎక్కువ మూడు గవ్వలు, గట్టు ఎత్తు అయిదు గింజలు. "గవ్వంటే పది, గవ్వంటే పది" అని గొణుక్కుంటూ ఎన్నిసార్లు కదిపినా ముప్ఫై అనేది అయిదు కంటే ఎక్కువే, నీళ్లు గట్టు దాటుతూనే ఉన్నాయి, హెచ్చరిక రావలసిందే. నా చేతిలో రైటు, యంత్రంలో తప్పు. నా మొహం చూసి పిన్ని, "చదువు ఎక్కువైతే ఇంతేనే" అని ఆ కాగితాల బొత్తికి దిష్టి తీసి, ఓ నిమ్మకాయ పెట్టి వెళ్లింది.

మూడోనాడో ఏమో, మధ్యాహ్నం అన్నం తిని పైకొచ్చేసరికి గింజలు నేను పెట్టినట్టు లేవు. ఒక గుంట నున్నగా ఖాళీ. గవ్వలూ గింజలూ కలగలిసి అన్ని గుంటల్లోకీ పాకాయి. నేనే మర్చిపోయానేమోలే అని సర్దుకుని, లెక్కలో తర్వాతి మెట్టుకి తగినట్టు పేర్చుకున్నాను. మర్నాడూ అంతే. ఆ మర్నాడు పిన్ని పక్కన నడుం వాల్చి ఉండగా పైనుంచి టక్, టక్ మని గింజలు పడుతున్న చప్పుడు స్పష్టంగా వినబడింది. పిన్ని గుర్రు పెడుతోంది, బాబాయి బజారెళ్లాడు. కార్తీకం ముసురు, కరెంటు లేదు, సముద్రం మీంచి గాలి తిరిగితే చాలు ఆ ఏడాది బందరులో మాట్లాడుతున్నవాళ్లు కూడా మాట ఆపేసేవాళ్లు. నేను సైన్సు చదువుకున్నదాన్ని కాబట్టి దయ్యాల్ని నమ్మను. నమ్మను గనక దుప్పటి తలమీదుగా కప్పుకుని పడుకున్నాను.

ఇంట్లో ఇంకో మనిషి ఉందన్న సంగతి నాకు తట్టనేలేదు, ఆవిడ అంత చప్పుడు లేకుండా ఉండేది మరి. బాబాయి వాళ్లమ్మ, అందరికీ మామ్మగారు. దివిసీమలో సముద్రంవైపు పల్లెలో చెల్లెలితో కలిసి ఉండేది. కంటి వైద్యానికని కొడుకు దగ్గరికొచ్చిన వారంలోనే అక్కడ ఉప్పెన వచ్చింది. చెల్లెల్ని ఊరివాళ్లు మేడ ఉన్న ఇంటికి రమ్మంటే, "ఈ గట్టు దాటి నీళ్లెప్పుడొచ్చాయి? నేను రాను" అని గడియ పెట్టుకుందట. మనిషి దొరకలేదు. ఆనాటి నుంచీ మామ్మగారు ఒక ముద్ద తిని ఒక ముద్ద వదిలేయడం, అడిగితే ఊఁ అనడం తప్ప మాటాపలుకూ లేదు. పిన్ని ఈ కథ చెప్పినప్పుడు, నీళ్లు ఎన్నటికీ గట్టు దాటవని నా కంపైలర్ కూడా అచ్చం ఆ మాటే అంది కదా అనిపించి, ఆ పూట నాకు అన్నం సహించలేదు.

ఆ మర్నాడు గుండె చిక్కబట్టుకుని, కిందికెళ్లినట్టే వెళ్లి మళ్లీ చప్పుడు కాకుండా మెట్లెక్కి తలుపు చాటున నిలబడ్డాను. పీట ముందు మామ్మగారు. చేతిలో గుప్పెడు గింజలు, గవ్వలు. ఒక్కో గుంటలో ఒక్కోటి వదులుతూ ఎదురుగా ఎవరూ లేని చోటుకేసి చూసి నవ్వుతోంది. "నిన్న పెట్టినవి పెట్టినట్టుంచావుటే? మొత్తం మార్చేశావు. చిన్నప్పట్నుంచీ దొంగాటే నీది. పైగా గవ్వంటే పదిట! ఆటలో గవ్వయినా గింజయినా ఒకటేనే చిట్టీ. ఊఁ, నీ వంతు." అని చేతులు ఒళ్లో పెట్టుకుని, నిజంగానే ఎవరో ఆడతారన్నట్టు ఆగింది.

అప్పుడు తెలిసింది. ఆవిడ కదిపిన పీట చూసి నేను దయ్యమనుకుంటున్నాను, నేను మళ్లీ పేర్చిన పీట చూసి ఆవిడ చెల్లెలు ఆడిందనుకుంటోంది. అంటే ఆ ఇంట్లో తిరుగుతున్న దయ్యం నేనే. ఈ ఆలోచన ఇంకా పూర్తి కాకముందే ఆవిడ మాట మళ్లీ చెవిలో మోగింది, గవ్వయినా గింజయినా ఒకటే. మూడు గవ్వలు, అయిదు గింజలు. విలువ చూడకుండా ఊరికే లెక్కపెడితే మూడు అయిదు కంటే తక్కువ! నీళ్లు గట్టు దాటవు! నా ప్రోగ్రాం చేస్తున్నది అదే. ఒక హద్దు పెద్దరకం, ఇంకోటి చిన్నరకం, పోల్చేముందు రెంటినీ ఒకే రకానికి మార్చమని నేను రాయనే లేదు. చేత్తో కదిపేటప్పుడు మాత్రం మనిషిని కాబట్టి గవ్వని పదిగానే చూస్తూ వచ్చాను, రాసింది కాకుండా రాశాననుకున్నదే చదివాను. గట్టిగా అరవాలన్నంత సంతోషం వచ్చింది. మామ్మగారు ఇంకా చెల్లెలి వంతు కోసం చూస్తోంది కాబట్టి నోరు నొక్కుకుని కిందికి దిగాను.

నా పని అయిపోయింది గానీ పీట తీయబుద్ధి కాలేదు. ఆవిడ పెరుగన్నం కలుపుకుని మొత్తం తింటోందనీ, పిన్నిని చింతకాయ పచ్చడి అడిగిందనీ ఇంట్లో అంతా ఆశ్చర్యపోతున్నారు. అందుకని సెలవు మిగిలినన్నాళ్లూ బుద్ధిగా రెండోవైపు ఆట ఆడాను, వీలైనంత దొంగాట. మధ్యలో ఒక గురువారం మా అక్క కూతురి బారసాలకని ఇంటిల్లిపాదీ గుడివాడ వెళ్లాం. మామ్మగారు మాత్రం బస్సెక్కనంది, పక్కింటివాళ్లు ఆవిడకి అన్నం పెట్టి వెళ్లారట. చీకటిపడే వేళకి తిరిగొచ్చి చూస్తే పీట మీద గింజలన్నీ ఒకవైపే గుట్టగా ఉన్నాయి, గవ్వలు తడిగా ఉన్నాయి. ముసురుకి ఇంట్లో తడవనిదేముంది అనుకుని పమిటతో తుడిచి పెట్టాను.

మద్రాసు బయల్దేరేనాడు మామ్మగారి కాళ్లకి దణ్ణం పెట్టాను. నేను వెళ్లిపోతే ఈవిడతో ఎవరు ఆడతారా అని దిగులేసింది. ఆవిడ నా గడ్డం పట్టుకుని, "ఎందుకే ఆ ఏడుపు మొహం? నువ్వేనని నాకు తెలుసులే" అంది. "మా చిట్టి దొంగాట ఆడేది గానీ, మరీ నీ అంత తెలివితక్కువ దొంగాట ఆడేది కాదు. పోనీలే, ముసలిదాన్నని ఆడావు, సంతోషం. ఆ గురువారం మాత్రం భలే ఆడావే! నా గుంటలన్నీ ఊడ్చేశావు. అచ్చం మా చిట్టే కూర్చున్నట్టుంది" అంది. బయట రిక్షా గంట కొడుతోంది. "ఆ రోజు నేను గుడివాడలో ఉన్నానండీ" అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఆవిడ కళ్లు చూసి, "అవునండీ, ఆ రోజు కాస్త బాగా కుదిరింది" అన్నాను.

మద్రాసులో నా భాగం నిలిచింది, హెచ్చరిక అచ్చయింది, గుండుసున్నాగారు టీ ఇప్పించారు. ఆ గురువారం అన్నం పెట్టడానికొచ్చిన పక్కింటావిడ సరదాకి ఓ చెయ్యి వేసి ఉండొచ్చు. మామ్మగారే రెండువైపులా ఆడి మర్చిపోయి ఉండొచ్చు. ఎన్నేళ్లు గడిచినా నేను ఎవర్నీ అడగలేదు. ఇప్పుడు నేనూ ముసలిదాన్నయ్యాను, మోకాళ్లు మెట్లెక్కనంటున్నాయి. మధ్యాహ్నం మనవరాలు నిద్రపోయాక వామనగుంటల పీట తీసుకుని ఒక్కదాన్నే కూర్చుని, నా వరుస ఆడేసి, రెండో వరుస అలాగే వదిలి లోపలికెళ్లి కాఫీ కలుపుకుంటాను. తిరిగొచ్చేటప్పుడు మాత్రం గడప దగ్గర కాస్త గట్టిగా దగ్గి మరీ వస్తాను.