పచ్చ జెర్సీకి కన్నీటి అంజలి

మొన్న శనివారం నేను చచ్చిపోయాను. మీదాకా కబురు రాలేదేమో గాని మా పుదుచ్చేరి కదిర్కామంలో అందరికీ తెలిసిపోయింది. ఆలస్యంగా తెలిసింది నాకొక్కడికే!

నవ్వకండి. తప్పంతా ఫుట్‌బాల్ టీము మేనేజ్‌మెంటుది. మొదటినుంచి చెప్తాను, న్యాయం మీరే చెప్పండి. తెలుగులో రాస్తున్నాను కాబట్టి పేర్లతో సహా ధైర్యంగా చెప్పేస్తాను. మా వాళ్ళు ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా ఒక్కడికీ అక్షరం రాదు. మా నాయన బెత్తం పట్టుకుని నేర్పించాడు కాబట్టి నాకు వచ్చింది. మా వీధిలో ఎవరూ చదవలేని భాషలో రాయడమంటే, చూసేవాళ్ళు లేని టీముకి చప్పట్లు కొట్టడం లాంటిది. నాకు అలవాటే.

ఆ టీము పేరు కోస్టల్ రోవర్స్. టీవీలో వచ్చే పెద్ద లీగులో ఆడుతుంది. ఆడుతుంది అనడం మర్యాద కోసం. నేను మిల్లులో పనిచేసే రోజుల్లో మిల్లు టీముకి లెఫ్ట్ బ్యాక్‌ని. మాదీ పచ్చ జెర్సీయే. అందుకే ఈ రోవర్స్ పచ్చ జెర్సీ వేసుకుని టీవీలో కనపడగానే మనసు అటు పోయింది. మిల్లు మూసేశారు, టీము పోయింది, తమ్ముళ్ళ చదువులు నా మీద పడ్డాయి, పెళ్ళి సంగతి నేను మరిచిపోయాను, తరువాత ఎవరూ గుర్తు చేయలేదు. మిగిలింది శనివారం సాయంత్రం మ్యాచ్ ఒక్కటే.

ఒకప్పుడు ఆ మ్యాచ్‌కి నా వరండా నిండిపోయేది. దాని కోసమే ప్లాస్టిక్ కుర్చీలు కొన్నాను. పాత్రల అంగడి వరదుడు, ఆస్పత్రిలో అటెండర్‌గా చేసి రిటైరైన ఏకాంబరం, ఇంకా మిల్లు పాతవాళ్ళు. నేను శనగలతో సుండలు, అంటే గుగ్గిళ్ళు, చేసేవాణ్ణి. పక్కింటి లక్ష్మి టీ పంపేది. గోల్ పడితే వీధి చివర కుక్కలు కూడా మొరిగేవి.

ఆ తరువాత మేనేజ్‌మెంటు మారింది. సూటు వేసుకున్నవాళ్ళు వచ్చారు. బాగా ఆడే సెంటర్ ఫార్వర్డ్‌ని అమ్మేసి, మోకాలు బాగులేనివాణ్ణి తెచ్చారు. కోచ్‌ని తీసేశారు, ఇంకొకాయన్ని పెట్టారు, ఆయన మన ఇడ్లీకి అలవాటు పడేలోపే ఆయన్నీ పంపించేశారు. ఆఖరికి జెర్సీ రంగు కూడా మార్చేశారు! పచ్చ పోయి వంకాయ రంగు వచ్చింది. అభిమానులు అడిగితే ఫోన్లకి మెసేజి: ‘డియర్ ఫ్యాన్, వి ఆర్ ఇన్ ఎ రీబిల్డింగ్ ఫేజ్.’ మా వీధి చివర కాలువ మీద కల్వర్టు కూడా ఎప్పటినుంచో రీబిల్డింగ్‌లోనే ఉంది. కనీసం అక్కడ కంకరైనా దింపారు!

మేనేజ్‌మెంట్లు నాకు కొత్త కాదండీ. మా మిల్లుకి తాళం వేసేముందు కూడా ఏదో పెద్ద ఇంగ్లీషు మాటే చెప్పారు. ఆ గేటు ముందు నల్లజెండా పట్టుకుని ఎండలో కూర్చున్నవాణ్ణి నేను. నాకా వీళ్ళు రీబిల్డింగ్ నేర్పేది?

ఓటములు పెరిగేకొద్దీ కుర్చీలు ఖాళీ అయ్యాయి. ఏకాంబరానికి సీరియల్ అలవాటైంది. మిల్లువాళ్ళకి ఒకరి తరువాత ఒకరికి మోకాళ్ళు నొప్పులు మొదలయ్యాయి, ఆ సెంటర్ ఫార్వర్డ్‌ని చూసేమో. ఆఖరికి వరదుడు కూడా.

“ఇంగ నా వల్ల కాదురా దామూ. వీళ్ళు ఓడేది చూస్తే నాకు బీపీ ఎక్కుతుంది” అన్నాడు అంగడిలో తపేలాలు తుడుస్తా.

“బీపీ మాత్ర నేను పెడతాను, వచ్చి కూర్చో” అన్నాను.

“నువ్వు కూడా చూడబాకరా. వేరే పనేం లేదా నీకు?”

లేదు. అదే కదా సంగతి. కాని ఆ మాట వాడితో ఎట్లా అంటాను?

శనివారం మ్యాచ్ ఓడితే రోవర్స్ కింది లీగుకి జారిపోయే ప్రమాదం ఉంది. ఈ ఒక్కదానికైనా ఎవరో ఒకరు వచ్చి కూర్చోవాలని అందరినీ అడిగాను. చూస్తాం అన్నారు. చూస్తాం అంటే రారని ఈ వయసులో నాకు తెలియదా? ఒంటరిగా కూర్చుని ఆ వంకాయలు ఉడికేది చూడాలా? కడుపు మండిపోయింది. మేనేజ్‌మెంటు పరువు రోడ్డు మీదకి లాగుదామని నిశ్చయించుకున్నాను.

మా పుదుచ్చేరిలో రోడ్డు మీదకి లాగడమంటే ఫ్లెక్సు కట్టడమే. చెవులు కుట్టినా ఫ్లెక్సు, పుట్టినరోజైనా ఫ్లెక్సు, మనిషి పోతే కన్నీటి అంజలి ఫ్లెక్సు. నడిమధ్య పోయినవాళ్ళ ఫొటో, దానికి దండ, రెండు పక్కలా దీపాలు, అడుగున ఏడ్చేవాళ్ళ పేర్లు. పోయింది నా టీము. ఏడ్చేవాణ్ణి నేను. ఇంకేం కావాలి?

ఫ్లెక్సులు వేసే మణి దగ్గరికి వెళ్ళాను. తమిళంలో రాసుకుపోయిన వాక్యం ఇచ్చాను. తెలుగులో చెప్తే ఇదీ: ‘కన్నీటి అంజలి. మేనేజ్‌మెంటు నిర్లక్ష్యం వల్ల మమ్మల్ని విడిచి వెళ్ళిపోయావే!’ అడుగున నా పేరు, కె. దామోదరం.

“నడిమధ్య టీము గుర్తు వెయ్యి” అన్నాను.

“కంపెనీ గుర్తు వేస్తే కేసు పెడతారయ్యా. వేరే ఏమైనా ఇవ్వండి.”

“అయితే పచ్చ జెర్సీ వెయ్యి. చూస్తే తెలిసినవాడికి తెలుస్తుంది.”

ఫోన్‌లో పచ్చ జెర్సీ ఉన్న ఫొటో ఒకటే ఉంది. జెర్సీలో నేనున్నాను, కుర్చీలో కూర్చుని, పళ్ళన్నీ బయటపెట్టి. ఎప్పుడో గెలిచిన రోజు వరదుడు తీసింది.

“తల తీసేసి చొక్కా మాత్రం వెయ్యి” అన్నాను.

“సరే అయ్యా. శనివారం పొద్దున కట్టించేస్తాను.”

పని ఎంత సులువుగా అయిపోయిందో చూడండి! అక్కడే అనుమానపడి ఉండాల్సింది.

శనివారం ఉదయాన్నే సేదరపేటకి బస్సెక్కాను. అక్కడ ఫ్యాక్టరీలో నేను వాచ్‌మన్‌గా ఉన్నప్పుడు నాతో డ్యూటీ చేసిన ఆంథోనీ, ఏదో ఒక శనివారం మ్యాచ్‌కి వస్తానని ఎప్పుడూ అనేవాడు. ఆ ఏదో ఒక శనివారం ఇదే చేద్దామని నా ఆశ. గేటు దగ్గర చాలాసేపు నిలబడ్డాక బయటికి వచ్చాడు.

“ఈరోజు ఓవర్‌టైమ్ అన్నా. వచ్చే వారం నిజంగా వస్తా.”

సరేనని తిరుగు బస్సెక్కాను. దారిలో ఉడికించిన వేరుశనక్కాయలు కొన్నాను, నలుగురికి సరిపోయేన్ని. ఎవరికోసం అని అడక్కండి. ఫోను చార్జింగ్‌లో పెట్టి ఇంట్లోనే మరిచిపోయి వచ్చినట్టు అప్పుడు గుర్తొచ్చింది.

సాయంత్రానికి మా స్టాపులో దిగాను. జంక్షన్‌లో నా ఫ్లెక్సు! బస్ స్టాపు వైపు నుంచి దాని వీపే కనిపిస్తుంది, తెల్లగా. అవతలి వైపు జనం. నిజంగా జనం! తలెత్తి చదువుతున్నారు. ఒకావిడ చెంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. కిళ్ళీ కొట్టాయన ‘చ్చొచ్చొచ్చొ’ అంటున్నాడు.

నా ఛాతీ ఉప్పొంగిపోయిందంటే నమ్మండి. ఈ ఊళ్ళో ఫుట్‌బాల్ కోసం ఇంకా ఏడ్చేవాళ్ళున్నారా! ఫ్లెక్సు ముందుకి పోయి నిలబడితే గొప్పలకి పోయినట్టుంటుందని, తల వంచుకుని సందులోకి తిరిగాను.

సందులో మా ఇంటి ముందు షామియానా. దాని కింద నా కుర్చీలు, చాలక అద్దె కుర్చీలు. ఏకాంబరం, మిల్లువాళ్ళందరూ, మోకాళ్ళ నొప్పులవాళ్ళతో సహా! గేటు పక్కన లక్ష్మి వెలిగించిన దీపం. లోపల తాళం వేసిన ఇంట్లో నా ఫోను మోగుతోంది, ఆగుతోంది, మళ్ళీ మోగుతోంది. వరదుడు చేతిలో పెద్ద గులాబీ దండ పెట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. నాకు వీపు తిప్పి ఉన్నాడు.

“వాడు పిలిచినాడు ఏకాంబరం. వచ్చి కూర్చోరా అని నోరు తెరిచి అడిగినాడు. నేను పోలేదు.”

ఇంత ప్రేమ ఉందా వీడికి రోవర్స్ మీద! వెనకనుంచి వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాను.

“ఏడవబాకరా వరదూ. ప్రాణం ఇంకా పోలేదు. ఇంకా మ్యాచ్ ఉంది కదా!”

వరదుడు తిరిగి చూశాడు. కేక పెట్టలేదు. చప్పుడు లేకుండా దండతో సహా కుర్చీలో కూలబడిపోయాడు. కేక పెట్టింది లక్ష్మి. “పెదనాయనా!” అని అరిచి, దగ్గరికి వచ్చి నా చెయ్యి గిల్లింది. నన్ను నేను గిల్లుకోవాలి గాని తను గిల్లడం ఏమిటి?

“ఏందిది? ఎవరు పోయినారు?” అన్నాను.

“నువ్వే!” అన్నారు అందరూ ఒక్కసారిగా.

అప్పుడు పరుగెత్తాను జంక్షన్‌కి, వేరుశనక్కాయలతో సహా. ఫ్లెక్సులో నేను! పచ్చ జెర్సీ లేదు, తల ఉంది. మెడ కింద తెల్ల చొక్కా అతికించారు. నుదుట విభూతి పెట్టారు. మేము తరతరాలుగా నామం పెట్టేవాళ్ళం! రెండు దీపాలు, దండ, నా పళ్ళు. దాని అడుగున, ‘మేనేజ్‌మెంటు నిర్లక్ష్యం వల్ల మమ్మల్ని విడిచి వెళ్ళిపోయావే! కె. దామోదరం.’

మణి షాపు దగ్గర వాడి భార్య నన్ను చూసి కంప్యూటరు వెనక్కి నక్కింది.

“మా ఆయన తల తీసేయమన్నాడయ్యా. తల లేకుండా ఎవరైనా అంజలి వేస్తారా? తొందరలో తిరగేసి చెప్పాడనుకుని నేనే చొక్కా తీసేసి తల ఉంచాను. ఈ పొద్దున శాంపిల్ మీ ఫోన్‌కి పంపాను. మీరేం అనలేదు. పోయినవాళ్ళు ఎట్లా అంటారులే అని ప్రింటు కొట్టేశాను.”

ఏమని తిట్టను? ఆ పిల్ల లెక్కలో తప్పేముంది?

తిరిగి ఇంటికొచ్చేసరికి వరదుడికి స్పృహా కోపమూ రెండూ వచ్చేశాయి.

“పండు ముసలోడా! బుద్ధుందా నీకు? అంగడి మూసేసి వచ్చినాను! యాడికి పోయినావు పొద్దున్నుంచి?”

“ఏ ఆస్పత్రి మేనేజ్‌మెంటో అని ఊరంతా ఫోన్లు చేసినాము” అన్నాడు ఏకాంబరం. “నన్నడిగుంటే మా ఆస్పత్రికే తీసుకుపోయుందును, బతికుందువు.”

“బతికే ఉన్నాను కదరా!”

“అదీ నిజమే. సరే గాని, ఇప్పుడు నేను ఇంటికి పోయి తలకి పోసుకోవాలా వద్దా?”

దాని మీద పెద్ద చర్చ జరిగింది. చావింటికి వచ్చారు గాని చావు లేదు. పోసుకోవాలని కొందరు, అక్కర్లేదని కొందరు. ఈలోపల నేను గడియారం చూశాను. మ్యాచ్ వేళయింది! ఇంతమంది, ఇన్ని కుర్చీలు, పైన షామియానా. తలుపు తీసి టీవీని వరండాలోకి లాగాను. వేరుశనక్కాయలు పంచాను. లక్ష్మి టీ తెచ్చింది. దండని వృథా చేయడం ఎందుకని టీవీకి వేశాము. ఎవరూ లేవలేదు. నిజం చెప్తున్నాను, నా వరండా అట్లా నిండి ఎన్నాళ్ళయిందో!

రోవర్స్ తమ పని తాము చేశారు. టీ చల్లారేలోపు ఒక గోల్ తిన్నారు. హాఫ్ టైముకి ఇంకొకటి. మోకాలు బాగులేని ఫార్వర్డు ఖాళీ గోలు ముందు బంతిని ఆకాశంలోకి కొట్టాడు.

“ఇందుకా నువ్వు చచ్చింది?” అన్నాడు ఏకాంబరం. అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను.

సెకండాఫ్‌లో నేను మేనేజ్‌మెంటుని తిట్టుకుంటూ టీవీ వైపే చూస్తున్నాను. ఒక కుర్చీ జరిగిన చప్పుడు. ఇంకొకటి. చావింటినుంచి లేచేటప్పుడు ‘పోయొస్తా’ అనకూడదు కదా, మళ్ళీ అట్లాంటి ఇంటికి రావాల్సి వస్తుందని. చావు లేకపోయినా అలవాటు పోతుందా? ఎవరూ అనలేదు. చెప్పకుండా లేచారు, చెప్పకుండా పోయారు. ఇంకో గోల్ తిన్నప్పుడు నేను ‘చూశార్రా!’ అని అరిచి పక్కకి తిరిగితే కుర్చీలన్నీ నావైపే చూస్తున్నాయి. వరదుడొక్కడు మిగిలాడు. వాడు కూడా నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

ఆట అయిపోయాక లేపాను. చెప్పులు తొడుక్కున్నాడు, ఒక్క మాట లేకుండా గేటు దాటాడు. నేను టీవీ ఆపేసి కుర్చీలు ఒకదానిలో ఒకటి దోపుతున్నాను. గేటు మళ్ళీ కిర్రుమంది.

“రేయ్ దామూ.”

“ఏందిరా? ఏం మరిచిపోయినావు?”

“ఏం లేదు. పోయొస్తా.”

“ఊ” అన్నాను. వాడు వెళ్ళిపోయాక ఒక కుర్చీని మాత్రం మిగతావాటిలో దోపకుండా విడిగా ఉంచాను.

మరుసటి రోజు మణి ఫోన్ చేశాడు. పాపం, భయపడిపోయి ఉన్నాడు.

“తప్పయిపోయిందయ్యా. మనిషిని పంపిస్తున్నాను, ఇప్పుడే తీయించేస్తాను. పచ్చ జెర్సీతో కొత్తది వేసి కడతాను.”

నేను లెక్కవేసి చూశాను. సూట్లు వేసుకున్న మేనేజ్‌మెంటు ఇన్నేళ్ళుగా ఒక్క మనిషిని నా వరండాకి రప్పించలేకపోయింది. నేను ఒక్కసారి పోయేసరికి షామియానా చాలలేదు. రోవర్స్‌కి ఇంకో మ్యాచ్ మిగిలే ఉంది.

“తీయొద్దు మణీ” అన్నాను. “విభూతి తుడిచి నామం పెట్టు. అడుగున ఒక్క లైను చేర్చు. ‘కర్మాంతరం వచ్చే శనివారం సాయంత్రం, అదే ఇంట్లో. కుర్చీలు ఉన్నాయి.’”