పంతొమ్మిదో అంశం, ఇ

సోమవారం ఉదయం పది గంటల పది నిమిషాలకు నేనొక మెమో పంపాను. శుక్రవారం ఉదయం ఎనిమిదీ ఇరవైకి దానికి రెక్కలొచ్చాయి. మాటవరసకు కాదు, నిజంగానే.

అప్పటికి నాకు యాభై ఆరేళ్లు. బుద్ధి మాత్రం ఇంకా రాలేదు. చిక్కబళ్లాపురంలో ఒక పట్టునూలు వ్యాపారి దగ్గర మేనేజరుగా ఉన్నాను. యజమాని ఊరెళుతూ, చింతామణి గోదాములోని నూట నలభై కిలోల పట్టుగూళ్లను నా పూచీకి వదిలాడు. బుధవారం సాయంత్రంలోగా వాటికి ఆవిరి పెట్టించాలి. లేకపోతే లోపలి పురుగు రెక్కలు తొడుక్కుని, గూటికి చిల్లి పెట్టి బయటికొస్తుంది. చిల్లిపడిన గూటి నుంచి దారం తీయలేం.

చెప్పాల్సింది ఇంతే. నేను మూడు పేజీలు రాశాను.

మా వైపు సర్కారు కాగితాల్లో "ఉల్లేఖ" అని పాత ఉత్తరాల జాబితా ఒకటి ఉంటుంది. నా మెమోలో అవి పదకొండు, తేదీలతో సహా. మొదటి పేజీ వాటికే సరిపోయింది. రెండో పేజీలో గోదాము శుభ్రత, తాళాలు, చెప్పులు బయట విడవడం. ఏదీ తక్కువ కాదని ప్రతి వాక్యాన్నీ లావక్షరాల్లో పెట్టి, కింద గీత కూడా కొట్టాను. పేజీ చూస్తే చీమలదండు పెళ్లికి బయల్దేరినట్టుంది. ఇక ఆవిరి సంగతంటారా, మూడో పేజీలో, పంతొమ్మిదో అంశం కింద, "ఇ".

శుక్రవారం ఫోను చేసింది గోదాము చూసే నరసింహప్ప.

"అమ్మా, గూళ్లలోంచి పురుగులు బయటికి వస్తాండాయి!"

"ఆవిరి పెట్టలేదా అప్పా?"

"ఎవురు పెట్టమనిరి?"

"మెమోలో ఉండాది గదప్పా!"

"యాడ?"

"పంతొమ్మిదిలో ఇ!"

"నేను ఏడు దాకా వచ్చినానమ్మా. చెప్పులు బయట విడవమని ఉండె, విడిపించినా. ఇప్పుడు గూడా అందరూ వట్టికాళ్లతోనే పురుగుల్ని తరుముతాండారు."

"మిగతాది చదివేకేమొచ్చె?"

"అన్నీ లావక్షరాలే గదమ్మా. ఇంట్లో అందరూ ఒకేసారి అరిస్తే ఎవురి మాట వినేది?"

బస్సెక్కి పరుగెత్తాను. గోడల మీద, తక్కెడ మీద, నరసింహప్ప భుజం మీద తెల్లటి రెక్కల పురుగులు. నా మెమో మూడు పేజీలూ గోడకు వరసగా అంటించి ఉన్నాయి. మూడో పేజీ నిండా అవే, నింపాదిగా గుడ్లు పెడుతున్నాయి.

"చూడమ్మా, ఆ పేజీ దాకా వచ్చినోళ్లు వీళ్లే" అన్నాడు. "ఒక ఫోను చేసింటే అయిపోయేది గదా?"

"ఫోనుకు తేదీ, నెంబరు ఉండవప్పా!"

"వీటికి మాత్రం తేదీ బాగా తెలిసినట్టుండాది. చెప్పినట్టే వచ్చినాయి."

యజమాని తిరిగొచ్చి నాకొక మెమో ఇచ్చాడు. ఉల్లేఖ లేదు, గీత లేదు, ఒకే వాక్యం: "సోమవారం నుంచి మెమోలు నరసింహప్ప రాస్తాడు." ఒక్కసారి చదివితే అర్థమైంది. అదే నా కడుపుమంట.

చిల్లిగూళ్ల కుప్ప మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను: ఇకమీదట ఎవరైనా నన్ను రాయనిస్తే, చేయాల్సిన పనీ గడువూ మొదటి వాక్యంలోనే పెడతాను, లావక్షరాలు ఆ ఒక్క వాక్యానికే.

పోయినవి: గూళ్లు నూట పద్దెనిమిది కిలోలు, కాగితాలు మూడు, మెమో రాసే అధికారం ఒకటి. చెప్పులు ఒక్క జత కూడా పోలేదు.