ఉత్తచేతుల పిన్ని

ఇల్లు మారేవాళ్ల ఓవెన్లు, ఫ్రిజ్‌లు మోసే పనిలో ఇరవై రెండేళ్లుగా ఉన్న ఆమెను వీధి వీధంతా ‘ఉత్తచేతుల పిన్ని’ అంటుంది. బరువుకు చెయ్యి తగిలించే ముందు ఆమె దారి మొత్తం ఒకసారి ఖాళీగా నడిచి వస్తుంది. నడుముకు చుట్టుకున్న ముడుల తాడే ఆమె కొలబద్ద.

ఆ రోజు పని చూడటానికి చిన్నదే. కింది వాటా సాయంత్రానికి ఖాళీ చేయాలి కాబట్టి, అక్కడి ఓవెన్ రెండో అంతస్తుకు చేరాలి. ఇరుగుపొరుగుకు రొట్టెలు కాల్చి ఇచ్చే ఆ ఇంటి కోడలికి బడి నుంచి తొలిసారి కబురొచ్చింది: మర్నాడు ఉదయం ఎనిమిదికి అరవై బన్నులు. తప్పితే వేరేవాళ్లను చూసుకుంటామన్నారు.

పిన్ని మేడెక్కి దిగింది.

“మెట్ల మలుపు రెండు వేళ్లు చాలదు. ఓవెన్ తలుపు ఊడదీస్తే సరిపోద్ది. అసలు చిక్కు పైనుంది. అక్కడున్నది మిక్సీకి వేసిన ప్లగ్ పాయింటు, ఓవెన్ పెడితే వైరు కాగిపోద్ది. ఎలక్ట్రీషియన్ వచ్చాకే ఎత్తేది.”

“గోరంతను కొండంత చేస్తావేంటమ్మా? నా దగ్గర ఎక్స్‌టెన్షన్ బాక్సుందిగా!” అన్నారు మామగారు.

“దానికి ఓవెన్ తగిలిస్తే ఏనుగుని సైకిలెక్కించినట్టే అన్నగారూ.”

“పిన్నీ, ఇవాళ ఎక్కకపోతే నా పని గోవిందా!” అంది కోడలు.

“ఎక్కుద్ది. ముందు ఫోను చెయ్యి.”

ఎలక్ట్రీషియన్ మూడింటికి వస్తానన్నాడు. ఈలోగా పిన్ని ప్లగ్గు తీసి, పొద్దున వాడిన ఓవెన్ లోపల అరచెయ్యి ఆనించి, పూర్తిగా చల్లారాకే ట్రేలు బయట పెట్టింది. కింది సొరుగు లాగితే వేడికి వంకర తిరిగిన ప్లాస్టిక్ డబ్బా బయటపడింది. నిండా తీపి బిస్కెట్లు!

“మామయ్యా! షుగరు పెట్టుకుని ఇదేం పని?”

“అవి... ఎవరివో మరి,” మామగారు కిటికీలోంచి ఆకాశం చూశారు.

“దాచుకోడానికి బీరువా లేదా అన్నగారూ? ఇది అంటుకునుంటే బిస్కెట్లే కాదు, ఇల్లూ మాడేది.”

మోతకు తోడొచ్చిన పిన్ని తమ్ముడు నవ్వాపుకోలేక గడప దాటాడు. ఎక్స్‌టెన్షన్ బాక్సు మాట మళ్లీ ఎవరి నోటా రాలేదు.

తలుపు ఊడదీయడానికి ఒక వరుస ఉంది. బార్లా తెరిచి, రెండు మడతబందుల మీది చిన్న కొక్కేలను ముందుకు తిప్పి, సగం మూసి, అప్పుడు పైకి ఎత్తాలి. కొక్కెం తిప్పడం మరిచిన ఒకే ఒక్కసారి, స్ప్రింగు దెబ్బకు పిన్ని చూపుడువేలి గోరు పోయింది. ఆ పాఠం ఆమెకు రెండోసారి అవసరం కాలేదు. అద్దం తలుపును కోడలు దుప్పటిలో చుట్టి, నిలబెట్టే పైకి మోసుకెళ్లింది.

ఎలక్ట్రీషియన్ మెయిన్ బోర్డు నుంచి లావు వైరు లాగి, ఎర్తింగుతో సహా ఓవెన్ కోసం విడిగా స్విచ్చు బిగించాడు. అప్పుడు కదిలారు. పైన తమ్ముడు, కింద పిన్ని, భుజాలకు పట్టీలు. మెట్ల మీద మరో మనిషి లేడు.

“మెట్టు,” అనేది పిన్ని. ఒక అడుగు. “మెట్టు.” మరొకటి. మలుపులో ఓవెన్ గోడకు గీత పడకుండా తిరిగింది.

గోడకు జానెడు ఎడం వదిలి నిలిపారు. ఓవెన్ మీద పళ్లెం పెట్టి నీళ్లు పోసి, ఎటైనా ఒరిగిందేమో చూశారు. తలుపు బిగించి స్విచ్చు వేశారు. అరగంట ఓవెన్ కాగుతున్నంతసేపూ పిన్ని కదల్లేదు. చివరికి ప్లగ్గు మీద వేళ్లు ఆనించింది.

“చల్లగానే ఉంది. ఇంకా నా మొహం చూస్తావేంటే, పిండి కలుపు!”

కోడలు అప్పటికే బస్తా మూతి విప్పుతోంది.