రంపపు పొట్టులో మిర్చి నారు

నాకు కుదురు లేదని మా ఇంట్లో అందరూ అంటారు. అన్నం ఉడికేలోపు మూడుసార్లు మూత తీసి చూసే మనిషిని. అలాంటిదాన్ని, ఆర్నెల్లు నిదానంగా మగ్గాల్సిన కుప్పకు కాపలా కూర్చున్నాను.

తిరువూరు నుంచి గంపలగూడెం వెళ్లే రోడ్డు పక్కన మాకు చిన్న నర్సరీ ఉంది. షేడ్‌నెట్ కింద ట్రేలలో మిర్చి నారు పెంచి రైతులకు ఇస్తాం. ట్రేలలో మట్టికి బదులు కొబ్బరి పొట్టు నింపుతాం. మా పక్కనే సామిల్లు. దుంగలు కోయగా వచ్చిన పొట్టును వెనక పోసి తగలబెట్టేవాళ్లు. ఆ పొగకు దగ్గుతూ, ఎంతకీ రాని కొబ్బరి పొట్టు లారీ కోసం ఎదురుచూస్తూ, ఒకరోజు నాకు ఒళ్లు మండిపోయింది. కళ్లెదుట ఇంత పొట్టు పెట్టుకుని ఈ దేబిరించడం ఏమిటి? ఇక కొబ్బరి పొట్టు కొననని అందరి ముందూ అనేశాను.

వేసవిలో రంపపు పొట్టు తోలించి, పేడనీళ్లు, కాస్త యూరియా కలిపి, నడుమెత్తున కుప్ప వేసి టార్పాలిన్ కప్పాను. మిల్లులో పెద్ద మేస్త్రి వచ్చి చూశాడు.

"నెలకోసారి తిరగెయ్యండమ్మా. మిగతా రోజులు దాని జోలికెళ్లకండి. ఏళ్ల తరబడి పెరిగిన చెట్టండీ అది, రెండు నెలల్లో మట్టవుద్దా? ఊరుకున్నంత ఉత్తమం లేదు" అన్నాడు.

ఊరుకోవడం నా వల్ల ఎక్కడవుతుంది! మర్నాడే టార్పాలిన్ ఎత్తాను. ఇనుప చువ్వ ఒకటి కుప్పలోకి గుచ్చి, కాసేపాగి తీసి పట్టుకుంటే లోపలి వేడి తెలుస్తుంది. పొద్దున గుచ్చేదాన్ని, సాయంత్రం గుచ్చేదాన్ని. ఆదివారం చర్చి నుంచి వస్తూ పట్టుచీరతోనే మోచేతి దాకా చెయ్యి పెట్టాను. వేడి తగ్గితే కంగారు, తగ్గకపోతే కంగారు.

నా ఆత్రానికి కారణం మా అక్క. పెనుగొలనులో కౌలుకు మిర్చి వేస్తుంది. కిందటేడు తనొచ్చేసరికి నా దగ్గర నారు అయిపోయింది. ముందొచ్చిన పెద్ద రైతులకు ఇచ్చేశాను. తను ఎక్కడో కొని నాటింది. చెట్లు ఏపుగా పెరిగాయి కానీ కాయ కాయలేదు. ఏ గింజ పోసి అమ్మారో ఎవరికీ తెలియదు.

"ఈసారి నీ చేతి నారే పెడతా. ఇదీ పోతే కౌలు మానేసి కూలికి పోవడమేనే" అంది. తనే దగ్గరుండి ఎంచుకున్న గింజ తెచ్చి నా చేతిలో పెట్టింది.

జులై వచ్చింది, నారు పోయాల్సిన వేళ. కుప్ప పైకి నల్లగా కనిపించింది. లోపల ఇంకా వేడిగానే ఉంది. నాకు తెలుసు. ఆలస్యం అమృతం విషం అని సర్దిచెప్పుకుని ట్రేలు నింపి అక్క గింజలు పోశాను.

మొలకలు బాగానే వచ్చాయి. నాలుగాకులు వేశాక ఎదుగుదల ఆగిపోయి పసుపురంగుకు తిరిగాయి. మగ్గని పొట్టు మొక్కకు అందాల్సిన బలాన్ని తనే లాగేసుకుంటుంది. కాలు కాలిన పిల్లిలా ట్రేల చుట్టూ తిరిగాను. యూరియా నీళ్లు చల్లాను. పొద్దున చల్లి మధ్యాహ్నానికల్లా పచ్చబడ్డాయా అని చూసేదాన్ని. అక్కకు ఫోన్ చేసి చెప్పడానికి మాత్రం ధైర్యం చాల్లేదు. వేరే ఊరి నర్సరీ నుంచి పచ్చటి నారు తెచ్చి ముందు వరసలో పెట్టాను. మావి వెనక్కి నెట్టేశాను.

అక్క ట్రాలీ ఆటో తీసుకుని వచ్చింది. నారు చూసి మొహం విప్పారింది. నాకు సిగ్గేసింది. అక్క ఒక మొక్కను వేళ్లతో సహా లాగి అరచేతిలో పెట్టుకుంది. వేళ్ల చుట్టూ ఎర్రటి కొబ్బరి పొట్టు.

"కొబ్బరి పొట్టు మానేశానన్నావుగా?"

నేను పక్క ట్రే సర్దడం మొదలెట్టాను.

"ఎక్కడ కొన్నావే?"

ఏడుపొచ్చింది. అంతా చెప్పేశాను. అక్క కేకలేయలేదు. మొక్కను మళ్లీ ట్రేలో గుచ్చింది.

"కిందటేడు నేను కొన్న నారు కూడా అచ్చం ఇంత పచ్చగానే ఉందే" అంది.

చెంప మీద కొట్టినా అంత బాధ ఉండేది కాదు.

వెనక్కి వెళ్లి పసుపు నారు దగ్గర చాలాసేపు వంగి చూసింది. "ఇవి ఏ గింజో నాకు తెలుసు. ఎన్నాళ్లకు తేరుకుంటాయి?"

"పది రోజులు పట్టొచ్చు. అదను దాటిపోతుందేమోనక్కా."

"పది రోజులు ఆగుతా. నువ్వు చల్లింది చాల్లే, ఇక నీళ్లు తప్ప ఏమీ పొయ్యకు" అని, కుప్పలో గుచ్చి ఉన్న చువ్వ పీకి, ఖాళీ ఆటోలో వేసుకుని వెళ్లిపోయింది.

ఆ పది రోజులు కడిగిన ట్రేలే కడిగాను. ఊరుకోవడమంత కష్టమైన పని నా బతుకులో ఇంకోటి చేయలేదు. పదకొండో రోజు అక్క వచ్చేసరికి నారు పొట్టిగానే ఉంది కానీ పచ్చబడింది. నేను గబగబా రెండేసి ట్రేలు ఎత్తబోయాను.

"మెల్లిగా ఎక్కించవే. ఇన్నాళ్లు ఆగాంగా" అంది.

ఒక్కొక్కటే ఎక్కించాను. ఆ చువ్వ మాత్రం అక్క తిరిగి తేలేదు.